ఊరి చెరువు, ఊరు ఎన్నుకున్న కాపలా

ఘాజియాబాద్ జిల్లా పల్లెల ఖతౌనీలు, అంటే భూమి హక్కుల రికార్డులు, తిరగేస్తే 6-1 అనే శ్రేణి ఒకటి తగులుతుంది. నీటి కింద ఉన్న భూమికి ఉత్తరప్రదేశ్ రెవెన్యూ వాళ్లు పెట్టుకున్న గుర్తు అది. మనవైపు రికార్డుల్లో చెరువు శిఖం అని రాసుకునే భూమి అక్కడ ఆ అంకె కిందికి చేరుతుంది. ఆ గాటా నంబరు, అంటే సర్వే నంబరు, పట్టుకుని ఇవాళ వెతుక్కుంటూ వెళ్తే నీళ్లు ఉండొచ్చు, చెత్తకుప్ప ఉండొచ్చు, నాలుగంతస్తుల మేడ కూడా ఉండొచ్చు. కాగితం మీద మాత్రం అది చెరువే. ఆ కాగితానికీ ఆ నీటికీ పొంతన తప్పకుండా చూడాల్సిన బాధ్యత డెబ్బై ఏళ్లుగా ఒక ఎన్నికైన సంఘానిది. దాని పేరు భూమి ప్రబంధక్ సమితి. ఢిల్లీ పక్కన మెట్రోలూ మాల్సూ చూసేవాళ్లకు ఆ పేరు వినపడే అవకాశం తక్కువే. కానీ ఆ మహానగరం కింద నీళ్లు ఎందుకు అడుగంటాయో తెలియాలంటే ఈ సంఘం చరిత్ర తెలియాలి.

గంగా యమునల మధ్య ఉన్న దోఆబ్ నేల ఇది. శివాలిక్ కొండల పాదాల దగ్గర పుట్టిన హిండన్ నది సహారన్‌పూర్ నుంచి దిగి, ఘాజియాబాద్ మీదుగా పోయి, నోయిడా దిగువన యమునలో కలుస్తుంది. నది పొంగితే మునిగే పల్లపు నేలను అక్కడివాళ్లు ఖాదర్ అంటారు, మిట్ట నేలను బాంగర్ అంటారు. బాంగర్ మీదున్న జాట్, త్యాగి, గుజ్జర్ పల్లెల్లో ఊరికి ఒకటో రెండో చెరువులు తప్పనిసరి. జోహడ్ అన్నా, పోఖర్ అన్నా, తాలాబ్ అన్నా అవే. వాటి మీద పశువులు బతికేవి. కొన్నింట్లో సింఘాడా కాయలు పండేవి, చేపలు పెరిగేవి. వేసవిలో అడుగు తేలగానే జనం జిగురుమట్టి తవ్వుకుపోయేవారు. గోడ మెత్తుకోవడానికి, పొయ్యి వేసుకోవడానికి, గాదె కట్టుకోవడానికి అదే మట్టి. పూడిక తీయాలని ఎవరూ తీర్మానం చేయనక్కర్లేదు. ఊళ్లో ఇళ్లు కట్టుకుంటుంటే చెరువు దానంతటదే లోతవుతుండేది.

ఆ చెరువులు సేద్యానికి పెద్దగా ఉపయోగపడేవి కావు. మన కాకతీయుల చెరువులకు తూములు, కాలువలు, వాటి కింద ఆయకట్టు ఉండేవి. ఇక్కడ పొలానికి నీళ్లు బావి నుంచి వచ్చేవి. చెరువు పని ఆ బావిని నింపడం. వాననీరు నిలిచి, నెమ్మదిగా ఇంకి, పది మంది బావుల్లో తేలేది. చెరువు ఎండిపోతే ఫలానా రైతు మడి ఎండిందని వేలు పెట్టి చూపించలేం. దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగిన కథలో సగానికి మూలం ఇదే.

1837-38 కరవు దోఆబ్‌లో లక్షల మందిని పొట్టనబెట్టుకున్నాక ఆంగ్లేయులు గంగ నుంచి కాలువ తవ్వించారు. ప్రాబీ కాట్లీ కట్టించిన ఆ గంగ కాలువ 1854లో మొదలైంది. అది ఇప్పటికీ మురాద్‌నగర్ మీదుగా పారుతోంది. ఢిల్లీ తాగే గంగ నీళ్లు తీసేదీ అక్కడి నుంచే. 1873లో వచ్చిన ఉత్తర భారత కాలువల, మురుగుకాల్వల చట్టం తూమును, వంతును, శిస్తును కాలువ అధికారుల చేతిలో పెట్టింది. ఊళ్లో రైతులు తమలో తాము వంతులు వేసుకునే ఓస్రాబందీ ఉండేది గానీ, కాలువ మీద ఊరికి ఓటు లేదు. కాలువ వెంట కొన్నిచోట్ల నీరు ఊరి ఉప్పు తేలి, తెల్లటి రేహ్ పట్టి, పొలాలు చవుడయ్యాయి. మట్టి చెడినప్పుడు అడిగే హక్కు మాత్రం ఆ మట్టి దున్నేవాడికి రాలేదు.

ఆ హక్కు స్వాతంత్ర్యంతో వచ్చింది. అదీ ఊహించనంత త్వరగా వచ్చింది.

ఉత్తరప్రదేశ్ అప్పటికి ఇంకా సంయుక్త రాష్ట్రాలు. అక్కడి పంచాయతీరాజ్ చట్టం 1947 నాటిది. పంచాయతీలు 1949 ఆగస్టు 15న పనిలోకి దిగాయి. ఊళ్లో వయోజనులైన ఆడా మగా అందరూ గావ్ సభ సభ్యులే. దేశంలో తొలి సాధారణ ఎన్నికలు ఇంకా జరగనే లేదు. అప్పటికే పల్లెటూరి మనిషి తన ప్రధాన్‌ను, అంటే మన సర్పంచిని, ఎన్నుకుంటున్నాడు. జమీందారీ రద్దు చట్టం 1950లో చేశారు. 1952 జులై 1న జమీందారుల హక్కులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. ఆ చట్టంలోని 117వ సెక్షన్‌ను మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తుంది. అడవులు, చెట్లు, చేపల మడుగులు, సంతలు, చెరువులు, కుంటలు, నీటి కాల్వలు, దారులు, బంజర్లు అన్నీ గావ్ సభకు అప్పగించవచ్చని అందులో ఉండేది. నిన్నటిదాకా జమీందారు పేరున ఉన్న చెరువు ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషిదీ అయింది. 132వ సెక్షన్ ఇంకో గట్టు కట్టింది. నీటి కింద ఉండి సింఘాడా వంటివి పండించే భూమి మీద ఎవరికీ భూమిధరీ హక్కు, అంటే శాశ్వత పట్టా హక్కు, పుట్టదని తేల్చేసింది.

కాపలా ఎవరిదన్న ప్రశ్నకు జవాబు పంచాయతీరాజ్ చట్టంలోని 28-ఎ, 28-బి సెక్షన్లలో ఉంది. గ్రామ పంచాయతీయే భూమి ప్రబంధక్ సమితి. దానికి ప్రధాన్ అధ్యక్షుడు, లేఖ్‌పాల్ కార్యదర్శి. లేఖ్‌పాల్ అంటే మన పాత కరణం వంటి రెవెన్యూ ఉద్యోగి. భూమి కేటాయింపు, అడవి, చెట్లు, చేపల మడుగులు, చెరువుల రక్షణ, అభివృద్ధి, ఊరి దారులు, సంతలు, ఊరి తరఫున కోర్టు వ్యాజ్యాలు అన్నీ దాని పనులే. మన్ను, నీరు, చెట్టు మూడూ ఒకే ఎన్నికైన సంఘం కిందికి వచ్చాయి. చక్‌బందీ పేరుతో చెదిరిన కమతాలను ఒకచోటికి చేర్చే చట్టం 1953లో వచ్చింది. ఆ పనిలోనూ ఈ సంఘానికి పాత్ర ఉంది.

సరిగ్గా ఇలాంటి ఆలోచనే అంతకు పదిహేనేళ్ల ముందు అమెరికాలో జరిగింది. అక్కడ దుమ్ము తుపానులు మైదానాల పైమట్టిని ఎత్తుకుపోయాక, హ్యూ బెనెట్ అనే మట్టి నిపుణుడి పట్టుదలతో 1935లో మట్టి సంరక్షణ చట్టం చేశారు. స్థానిక సంరక్షణ జిల్లాల కోసం ఒక నమూనా చట్టాన్ని 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అన్ని రాష్ట్రాల గవర్నర్లకూ పంపాడు. ఆ ఏడాది ఆగస్టులోనే నార్త్ కరోలినాలో బ్రౌన్ క్రీక్ జిల్లా ఏర్పడింది. ఇవాళ అక్కడ అలాంటివి దాదాపు 3,000 ఉన్నాయి. చాలాచోట్ల వాటి పర్యవేక్షకులను జనమే ఎన్నుకుంటారు. వాళ్లకు మన్నూ నీరూ తప్ప వేరే పని లేదు. ఘాజియాబాద్ ప్రధాన్‌కు మాత్రం చెరువు నూరు పనుల్లో ఒకటి.

తేడా అక్కడే మొదలైంది. సమితికి చెరువును కాపాడే అధికారం ఉంది, ఊళ్లో ఇల్లు లేనివాళ్లకు స్థలం పంచే అధికారమూ ఉంది. ఊరి ఉమ్మడి భూమి తరుగుతున్న కొద్దీ ఆ రెండు అధికారాలూ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. స్థలం అడిగేవాడికి ఓటుంది. చెరువుకు లేదు. సగం ఎండిన పోఖర్ గట్టు మీద నాలుగు కుటుంబాలకు పట్టాలిస్తే ఎన్నికల్లో నాలుగు ఇళ్ల ఓట్లు. ఇవ్వకపోతే ఊళ్లో పగ. అలా పట్టాలు అందుకున్నవాళ్లలో నిజంగా గూడు లేని పేదలూ ఉన్నారు. వాళ్లను ఆక్రమణదారులని తిట్టిపోయడం అన్యాయం. పేదకు ఇవ్వాల్సిన స్థలం పెద్ద రైతు కబ్జాలో ఉంటే దాన్ని విడిపించే చేవ లేక, నోరులేని చెరువును పంచిపెట్టిన పంచాయతీలదే అసలు తప్పు. లెక్క రాయాల్సిన లేఖ్‌పాల్ సర్కారు మనిషి, నిర్ణయం చేయాల్సిన ప్రధాన్ ఊరి మనిషి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి వీలుగా ఆ కుర్చీలు వేసినట్టుంది.

ఆ పంచుడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తూర్పు ఉత్తరప్రదేశ్‌లో ఉగాపూర్ అనే ఊరి చెరువు భూమిలో ఇళ్ల స్థలాలు ఇచ్చారు. చెరువు ఎండి, పనికిరాకుండా పోయిందని సమర్థించుకున్నారు. 2001 జులై 25న కోర్టు ఆ వాదన చెల్లదని తీర్పు చెప్పింది. చెరువు ఎండిపోతే దాన్ని బాగుచేయాలి తప్ప ఇళ్లకు పంచకూడదని, ఆరు నెలల్లో ఖాళీ చేయాలని ఆదేశించింది. పదేళ్ల తర్వాత, 2011 జనవరిలో, పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు కేసులో అదే కోర్టు దేశంలోని రాష్ట్రాలన్నింటినీ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు వేసుకోమంది.

అప్పటికి ఘాజియాబాద్‌లో పల్లెను నగరం మింగడం చాలావరకు పూర్తయింది. 1740లో ఘాజీఉద్దీన్ పేరున వెలిసిన సరాయి పట్టణం మీరట్ జిల్లా నుంచి విడివడి 1976 నవంబరు 14న సొంత జిల్లా అయింది. మరుసటి ఏడాది అభివృద్ధి ప్రాధికార సంస్థ వచ్చింది. 1994లో నగర్ నిగమ్, అంటే నగరపాలక సంస్థ, ఏర్పడింది. మకన్‌పూర్, ప్రహ్లాద్‌గఢీ, అర్థలా, ఝండాపూర్ వంటి ఊళ్ల చుట్టూ, ఊళ్ల మీదా ఇందిరాపురం, వసుంధర, వైశాలి కాలనీలు లేచాయి. 2011 జనగణన నాటికి నగర జనాభా 16 లక్షలు దాటింది.

ఊరు నగర్ నిగమ్‌లో కలిసిన రోజు అక్కడ గ్రామ పంచాయతీ రద్దవుతుంది. పంచాయతీతో పాటే భూమి ప్రబంధక్ సమితి పోతుంది. చెరువు మాత్రం పోదు, ఖతౌనీలో 6-1 కిందే ఉంటుంది. దాన్ని చూసుకోమని ఊరు ఎన్నుకున్న మనిషే ఉండడు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాల్లో రెండోది భూమి అభివృద్ధి, మట్టి సంరక్షణ. మూడోది చిన్న నీటిపారుదల, నీటి నిర్వహణ, వాటర్‌షెడ్ అభివృద్ధి. 74వ సవరణ పురపాలికలకు ఇచ్చిన 18 అంశాల్లో ఈ మాటలు లేవు. తాగునీటి సరఫరా ఉంది, పార్కులు ఉన్నాయి, పర్యావరణ పరిరక్షణ ఉంది. మట్టి సంరక్షణ లేదు, చెరువు లేదు. నిన్నటి ఊరు ఇవాళ వార్డు అయితే, ఆ మన్ను గురించి మాట్లాడే పని ప్రజాప్రతినిధి జాబితాలోంచే జారిపోయింది. ఈ ఖాళీయే ఘాజియాబాద్ చెరువులకు జరిగిన అతి పెద్ద నష్టం. కబ్జాదారు అంతకంటే పెద్ద శత్రువేం కాదు.

పక్కనే నోయిడాలో, గ్రేటర్ నోయిడాలో పరిస్థితి మరీ కఠినం. అక్కడ నగరాన్ని నడిపేది ఎన్నికైన పురపాలిక కాదు, ప్రాధికార సంస్థ. గ్రేటర్ నోయిడాలోని సైనీ అనే ఊళ్లో ఉమ్మడి చెరువులను ప్రైవేటు పరిశ్రమలకు ఇచ్చేసి, వేరేచోట బదులు చెరువులు తవ్విస్తామన్నారు. 2019 నవంబరు 25న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఒక ఊరి చెరువును చంపి మరోచోట గుంట తవ్వితే ఆ ఊరి జీవితానికి అది బదులు కాదని, రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. ఆ కేసు మోసుకొచ్చింది పంచాయతీ కాదు, ఆ ఊరి పౌరుడొకరు.

తెలుగు పాఠకులకు ఇక్కడ మన అనుభవం గుర్తొస్తుంది. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థలను రైతుల చేతిలో పెడుతూ చట్టం చేసింది. ఆ ఏడాది జూన్‌లో ఎన్నికలు జరిపి 10,292 నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరిచారు. ఆయకట్టు రైతులు ప్రాదేశిక నియోజకవర్గాల వారీగా సభ్యులను ఎన్నుకున్నారు. ఆ సంఘాల మీద ఫిర్యాదులకు కొదవ లేదు. కాంట్రాక్టుల పంపకాలు జరిగాయి, ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదాలూ పడ్డాయి. అయినా ఓటేసేవాడికి మడి ఉంది, ఆ మడికి నీళ్లు రాకపోతే అధ్యక్షుడి ఇంటి ముందు నిలబడి అడిగే కారణం ఉంది. ఉత్తరప్రదేశ్ కూడా 2009లో ఆ తరహా చట్టం చేసుకుంది. కాలువ తూము స్థాయిలో కులాబా సమితి, పిల్లకాలువకు అల్పికా సమితి, ఆపైన రజ్‌బహా సమితి. కాలువ కింద రైతుకు అలా ఒక గొంతు దొరికింది. ఆయకట్టు లేని పోఖర్‌కు ఆ చట్టంలోనూ చోటు లేదు.

ఆ పోఖర్ ఆయకట్టు నేల కింద ఉంది. భూగర్భ జలాలను అతిగా తోడేసిన బ్లాకుల జాబితాల్లోకి ఘాజియాబాద్ జిల్లాలోని లోనీ, రజాపూర్ ఎక్కాయి. బోరు వేసుకున్న ప్రతి అపార్ట్‌మెంటూ ఆ పాత చెరువుల రైతే. ఆ సంగతి అందులో ఉండేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత్ సరోవర్ పథకం జిల్లాకు 75 చెరువులు బాగుచేయాలని, ఒక్కోటి కనీసం ఎకరం ఉండాలని, పదివేల ఘనమీటర్ల నీరు పట్టాలని లెక్క పెట్టింది. మంచి పనే. కాకపోతే తవ్వేవాడు ఒక ఏడాది వస్తాడు, కాపలా కాసేవాడు ఏటేటా ఉండాలి. ఆ కాపలాకు చట్టం ఇప్పటికీ దారి చూపిస్తోంది. 2016లో అమల్లోకి వచ్చిన ఉత్తరప్రదేశ్ రెవెన్యూ కోడ్ 67వ సెక్షన్ ప్రకారం, గ్రామ పంచాయతీ ఆస్తి గానీ మరే స్థానిక సంస్థ ఆస్తి గానీ ఆక్రమణకు గురైతే ఆ సంఘమో లేఖ్‌పాలో అసిస్టెంట్ కలెక్టర్‌కు తెలియజేయాలి. ‘మరే స్థానిక సంస్థ’ అన్నచోట నగర్ నిగమ్ కూడా వస్తుంది. మూడు లక్షలు గానీ అంతకు మించి గానీ జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. ఏ వార్డులో ఎన్ని 6-1 గాటాలు ఉన్నాయో జాబితా ఆ కమిటీ చేతికిచ్చి, ఏడాదికోసారి కొలతలు వేయించే పని దానికి అప్పగించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇంకా పంచాయతీలుగానే ఉన్న మురాద్‌నగర్, భోజ్‌పూర్ బ్లాకుల పల్లెల్లో ఆ పని మరీ తొందరగా జరగాలి. నగర్ నిగమ్ హద్దులు అక్కడికి చేరకముందే ప్రతి పోఖర్ చుట్టూ కొలిచి హద్దురాళ్లు పాతాలి. ఆ లెక్క మీద ఆ ఊరు ఎన్నుకున్న ప్రధాన్ సంతకం ఉండాలి. రేపు ఆ ఊరు వార్డు అయిన రోజున కొత్త కార్పొరేటర్ ఛార్జి తీసుకునే కాగితాల్లో మొదటిది అదే కావాలి.