కంటి కొసలో వెతికిన జాతులు

మనిషి కన్ను చూసి అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలమన్న నమ్మకానికి రెండు వందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1795లో జర్మన్ వైద్యుడు బ్లూమెన్‌బాక్ మనుషులను ఐదు రకాలుగా విడదీస్తూ కనురెప్పల తీరును కూడా లెక్కలోకి తీసుకున్నాడు. 1866లో ఇంగ్లండ్ వైద్యుడు లాంగ్డన్ డౌన్, బుద్ధిమాంద్యంతో పుట్టిన కొందరు పిల్లల కళ్లు చూసి వాళ్లకు మంగోలుల పేరు తగిలించాడు. మంగోలియా అభ్యంతరం చెప్పాక 1965లో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వదల్లేదు. నూరేళ్లపాటు ఒక జాతి పేరు జబ్బు పేరుగా చలామణి అయింది.

మన దేశంలో 1901 జనగణన అధికారి రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. కళ్ల నడుమ ముఖం ఎంత చదునుగా ఉందో కొలిచి మంగోల్ రక్తాన్ని తేల్చబోయాడు.

ఆ కొలతల యుగంలోనే వియన్నాలో చదువుకున్న మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ 1936–37లో నాగా కొండల్లో కొన్యాకుల మధ్య గడిపాడు. అక్కడ కంటి లోపలి కొసను కప్పే చర్మపు మడత మామూలు విషయం. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నందుకు ఆయన నిజాం రాజ్యంలో ఉండాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీం నేలకొరిగాక, ఆదిలాబాద్ గోండుల స్థితిగతులు తెలుసుకునే పని ఆయన చేతికొచ్చింది. మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడే గోండీలో చదువు చెప్పే ఏర్పాటు చేయించాడు. 1948లో వెలువడిన ఆయన రాజ్‌గోండుల గ్రంథంలో నాకు అన్నిటికన్నా విలువైనది, గోండులు తమను తాము ఎలా లెక్కించుకుంటారో చెప్పే భాగం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు అనే వంశ సమూహాలు. ఒకే సగ వాళ్లంతా అన్నదమ్ముల వరుస, పిల్లనిచ్చేది వేరే సగకు. ఆ వంశగాథలన్నీ కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ పాడే ప్రధాన్ గాయకుల నోట భద్రం. ఎవరు ఎవరి వాళ్లో తేల్చడానికి వాళ్లకు ముఖం కొలిచే పనే పడలేదు.

మరి కళ్లలో ఆ తేడా ఎందుకు? మంచు మీది వెలుగు నుంచి, చలి నుంచి కాపాడడానికే ఆ మడత ఏర్పడిందని 1950లో అమెరికా మానవశాస్త్రజ్ఞులు కొందరు వాదించారు. మరి ఎండ మండే కలహారిలోని ఖోయిసాన్ ప్రజలకు అదెలా వచ్చింది? రెప్ప కింది కొవ్వు, రెప్పనెత్తే కండరం చర్మానికి అతుక్కునే చోటు, ముక్కు దూలం ఎత్తు కలిసి కంటి రూపాన్ని దిద్దుతాయి. వీటి వెనుక జన్యువులు అనేకం. చిన్న గుంపు విడిపోయి తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే, ఏ ఉపయోగమూ లేని పోలిక కూడా కాలక్రమంలో అందరికీ పాకవచ్చు. అసలు ఆ మడత కరీంనగర్‌లో పుట్టే పసిపిల్లల్లోనూ ఉంటుంది. మెల్లకన్నేమోనని తల్లులు కంగారుపడేది చాలాసార్లు దాన్ని చూసే. ముక్కు దూలం లేచేకొద్దీ అది సర్దుకుంటుంది.

ముఖాన్ని వదిలి జన్యువులు చూస్తూ, 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తంగరాజ్, లాల్జీ సింగ్ హార్వర్డ్ వాళ్లతో కలిసి, భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనాల కలయిక అని చూపారు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య సాగిందని 2013లో లెక్కగట్టారు. ఆ తర్వాతే కులాల గోడలు బిగిశాయి. 2017లో నాలుగు ప్రాంతాల గోండుల జన్యువులను పరిశీలిస్తే ఇంకో సంగతి బయటపడింది. గోండీ మన తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. అది మాట్లాడేవాళ్ల జన్యువులు మాత్రం ఇతర ద్రావిడ భాషీయుల కంటే వేరే భాషా కుటుంబానికి చెందిన ముండా జనాలకే దగ్గర.