నన్నయ రాసుకున్న బయోడేటా

రాజమహేంద్రవరం కొలువులో ఒక పండితుడు తన గురించి తానే ఒక పద్యం రాసుకున్నాడు. అందులోని సంగతులు ఇవీ: రాజుగారి కులబ్రాహ్మణుడు, ఆయన మీద అనురాగం ఉన్నవాడు. జపహోమాలు తప్పనివాడు. వ్యాకరణం క్షుణ్ణంగా తెలిసినవాడు. వేదం చదివాడు, బ్రహ్మాండం మొదలైన పురాణాలు చదివాడు. ఆపస్తంబ సూత్రం, ముద్గల గోత్రం. లోకజ్ఞానం ఉంది. రెండు భాషల్లో కావ్యరచన చేయగలడు. ఆ పండితుడు నన్నయ. 1022 నుంచి 1061 దాకా వేంగిని ఏలిన రాజరాజ నరేంద్రుడు భారతం తెనిగించమని ఆయనకు అప్పగించాడు. ఆ పనికి తాను ఎలా తగినవాడో చెప్పుకోవడం కవికి అవసరమైంది.

ఇంత చెప్పుకున్నా ఆ పద్యంలో ఆయన ‘నేను’ అనలేదు. ఇలాంటి నన్నయను చూసి రాజు ఇలా అన్నాడు అంటూ, రాజు చూపులోంచి తనను చూపించుకున్నాడు. సొంత గొప్ప సొంత నోటితో చెప్పుకోవలసి వచ్చినప్పుడు తెలుగు కవులు పట్టుకున్న మొదటి ఒడుపు ఇదే. తర్వాతి వాళ్లు దీన్ని ఎన్ని రకాలుగానో వాడుకున్నారు.

ఆ పద్యం ఉన్న అవతారికలోనే, అంటే కావ్యం మొదట్లోని పీఠికలోనే, రాజు కూడా తన గురించి చెప్పుకుంటాడు. తనది చంద్రవంశం, పాండవులు తన పూర్వులు, కనుక వాళ్ల కథ వినాలని కోరిక. ఆ పైన తన మనసుకు ఎప్పుడూ ఇష్టమైనవి ఐదు ఉన్నాయంటాడు: బ్రాహ్మణులను తృప్తి పరచడం, భారతం వినడం, శివుడి పాదపూజ, ఎడతెగని దానం, మంచివాళ్లతో సాంగత్యం. ఇవాళ బయోడేటాలో ‘హాబీలు’ అన్న గడి ఎదురుగా నింపేది ఇలాంటి జాబితానే. కుటుంబం, పని, ఇష్టాలు అనే మూడూ మన ఆదికావ్యం మొదటి పుటల్లోనే ఒక్కచోట చేరాయి. పైగా ఆ ఇష్టాల్లో రెండోది, భారతం మీది మక్కువ, ఏకంగా ఒక సాహిత్యానికి దారి తీసింది.

నన్నయకు ముందే రాతి మీద ఈ పద్ధతి ఉంది. కరీంనగర్ ప్రాంతంలోని గంగాధర దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఒకటి చెక్కి ఉంది. దాన్ని కుర్క్యాల శాసనం అంటారు. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ శాసనంలో వాళ్ల సొంతూరు వేంగినాటిలోని వంగిపర్రు అని ఉంది. గోత్రం శ్రీవత్స. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. తెలుగు కంద పద్యాలు మూడు ఉండటం వల్ల ఈ శాసనం సాహిత్య చరిత్రకారులకు ప్రాణప్రదం. కానీ పంపడి ఊరూ, అమ్మానాన్నల పేర్లూ నిలిచిపోవడానికి ఒక తమ్ముడు చేసిన పరిచయం కారణమైందన్న సంగతి కూడా అంతే విలువైనది.

నన్నయ సైతం మరొకరిని పరిచయం చేశాడు. రాజరాజ నరేంద్రుడు 1053లో నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చినప్పుడు ఆ శాసనాన్ని రచించింది ఆయనే. సంస్కృతం, కర్ణాటం, ప్రాకృతం, పైశాచికం, ఆంధ్రం అనే ఐదు భాషల్లో నారాయణభట్టు మేటి కవి అని అందులో రాశాడు. భారతం అవతారికలో, తన రచనకు ఆయన చేసిన సాయాన్ని, యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు చేసిన సాయంతో పోల్చాడు. తోటివాడి గురించి ఇంత నిండుగా, అసూయ లేకుండా చెప్పిన మాటలు చదివితే ఇప్పటికీ మనసు నిండుతుంది.

గోత్రం, సూత్రం చెప్పి పరిచయం చేసుకునే ఈ వరసకు అచ్చు ఎక్కడిది అంటే, ప్రవర దగ్గరకు వెళ్లాలి. ఉపనయనం అయిన పిల్లవాడు పెద్దల ముందు చేతులు మార్చి చెవులు పట్టుకుని నిలబడతాడు. ముందు వంశ ఋషుల పేర్లు, తర్వాత గోత్రం, ఆ తర్వాత సూత్రం, వేదశాఖ చెప్పి, అన్నిటికీ చివర తన పేరు చెప్పి వంగి నమస్కరిస్తాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడు చెప్పే మాటల్లో తన సొంతం అన్నది ఆ ఆఖరి మాట ఒక్కటే. మిగిలినదంతా ముందుతరాల వాళ్లది. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసే తెలుగు అలవాటులోనూ ఈ క్రమమే కనిపిస్తుంది.

ప్రవర చెప్పుకునే హక్కు కొందరికే ఉండేది. సాగు కులాల ఇళ్లకు ఆ పని పిచ్చుకగుంట్ల వాళ్లు చేసిపెట్టేవారు. పంటలు ఇంటికొచ్చే వేళకు తమకు మిరాశీగా ఉన్న ఊళ్లకు వచ్చి, ఆ ఇంటి వాళ్ల గోత్రం, ఇంటిపేరు, తాతముత్తాతల పేర్లు పాడి, గింజలు పుచ్చుకుని వెళ్లేవారు. కాగితం మీద ఎక్కని కుటుంబాల చరిత్ర వాళ్ల గొంతుల్లో బతికింది. ఇంకా సాదాసీదాగా ఊరి రచ్చబండ దగ్గర కొత్త మనిషికి ఎదురయ్యే ప్రశ్నలు ఉన్నాయి. శ్రీకాకుళం వైపు ‘ఎవరి తాలూకు?’ అంటారు, తెలంగాణలో ‘ఎవరి బిడ్డవు?’ అంటారు. అడిగింది ఒక్క మాటే అయినా జవాబులో ఊరు, ఇల్లు, చుట్టరికం అన్నీ రావాలి.

మనం ఇప్పుడు అనుకునే అర్థంలో ఉద్యోగ చరిత్ర రాసుకున్న మొదటి తెలుగువాడు ఎవరంటే శ్రీనాథుడి పేరే చెప్పాలి. కాశీఖండం అవతారికలో ఆయన తన జీవితాన్ని వయసుల వారీగా విడగొట్టి, ఒక్కో వయసుకు ఒక్కో పుస్తకం చూపించాడు. జుట్టు పిలక కట్టుకునే పసితనంలో మరుత్తరాట్చరిత్ర. మీసాలు మొలిచే తొలి యౌవనంలో శాలివాహన సప్తశతి. నిండు యౌవనంలో శృంగార నైషధం. ప్రౌఢ వయసులో భీమేశ్వర పురాణం. ఇక వయసు ఇంతకంటే జారిపోకముందే కాశీఖండం తెలుగు చేస్తానని ముగించాడు. ఒక్క సీసపద్యంలో నలభై యాభై ఏళ్ల పని వరసగా నిలబడింది.

ఈ పద్యం చేసిన మేలు అంతా ఇంతా కాదు. మరుత్తరాట్చరిత్ర ఇవాళ దొరకదు, సప్తశతి కూడా దొరకదు. అవి ఉండేవని తెలియడానికి శ్రీనాథుడి మాటే ఆధారం. నైషధాన్ని మామిడి సింగనకు, భీమేశ్వర పురాణాన్ని బెండపూడి అన్నయకు, కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమివ్వడాన్ని బట్టి, కొండవీడు నుంచి రాజమహేంద్రవరం దాకా ఆయన ఏ కాలంలో ఏ కొలువు చూశాడో పరిశోధకులు లెక్కలు కట్టారు. కందుకూరి వీరేశలింగం కవుల చరిత్ర రాసేటప్పుడు ఆయన చేతిలో ఉన్న గట్టి సాక్ష్యాలు చాలావరకు ఇలాంటి అవతారిక పద్యాలే. కవి తన గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే మనకు ఆ కవి ఒట్టి పేరుగానే మిగిలేవాడు. చాలామంది అలా మిగిలారు కూడా.

పోతన తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఇవీ భాగవతం అవతారిక వల్లే తెలిశాయి. తిక్కన తన తండ్రి కొమ్మన కలలో కనిపించాడని చెప్పి ఇంటి మాట, దేవుడి మాట కలిపేశాడు. శ్రీకృష్ణదేవరాయలైతే ఆ బాధ్యతను దేవుడికే అప్పగించాడు. ఆముక్తమాల్యదలో కృష్ణా తీరపు శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు కలలోకి వచ్చి, మదాలస చరిత్ర, రసమంజరి లాంటి సంస్కృత కావ్యాలు రాశావు కదా, ఇప్పుడు తెలుగులో రాయి అంటాడు. నన్నయ రాజు చేత అనిపించిన మాటను, రాజు దేవుడి చేత అనిపించాడు.

ఆడవాళ్లు తమను గురించి రాసుకున్నది తక్కువ. ఆ తక్కువే ఎంతో పదునుగా ఉంటుంది. మొల్ల తాను గోపవరం కేసన కూతురినని చెప్పి, తనకు శాస్త్రాలేవీ తెలియవని, శ్రీకంఠ మల్లేశుడి దయ వల్ల కవిత్వం చెబుతున్నానని రాసింది. తరిగొండ వెంగమాంబ గురువు దగ్గర ఓనమాలైనా నేర్చుకోలేదని చెప్పి, తన దేవుడు పలికించినదే పలుకుతున్నానంది. చదువుల జాబితా పెట్టాల్సిన చోట ఇద్దరూ చదువు లేకపోవడాన్నే నిలబెట్టారు. అది వినయం మాత్రమే కాదు. తమకు చదువు చెప్పని లోకం ఎదుట రాయగలిగామని చూపించడం.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో, ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని ఇంకో అడుగు ముందుకు వేసింది. రాధికాసాంత్వనం అవతారికలో తన వంశాన్ని తన ఇంటి స్త్రీల మీదుగా చెప్పుకుంది. తన పాండిత్యానికి ఎంత పేరుందో దాపరికం లేకుండా చెప్పుకుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఆ కావ్యం అచ్చయినప్పుడు ఆ అవతారికే ఎగిరిపోయింది. వెయ్యేళ్లుగా మగకవులు తాతతండ్రుల పేర్లు రాసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఒక స్త్రీ తన గురించి చెప్పుకున్న నాలుగు పుటలు మాత్రం అచ్చుకు నోచుకోలేదు. బెంగళూరు నాగరత్నమ్మ ఆ లోటు చూసి ఊరుకోలేదు. అసలు ప్రతి వెతికించి, తీసేసిన పద్యాలన్నీ తిరిగి చేర్చి 1910లో పూర్తి పుస్తకం అచ్చు వేయించింది. ప్రభుత్వం దాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో ఆ తర్వాత ఎప్పటికో నిషేధం తొలగింది. ముద్దుపళని ఎవరి మనిషో ఆమె మాటల్లోనే ఇవాళ చదవగలుగుతున్నామంటే నాగరత్నమ్మ పట్టుదల వల్లే.

కుంపిణీ కచేరీలు వచ్చాక పరిచయానికి కొత్త కొలత వచ్చింది: ఏ సాహెబు దగ్గర, ఏ హోదాలో, ఎంతకాలం. ఒంగోలు వాడైన వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు సదర్ అదాలతులో దుబాసీగా, అనువాదకుడిగా పనిచేశాడు. తన జీవితకథను ఇంగ్లీషులో రాసుకుంటే కొడుకు దాన్ని 1873లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం పేరులోనే ఒంగోలు వాస్తవ్యుడని, 1815 నుంచి 1829 దాకా ఫలానా కోర్టులో ఫలానా ఉద్యోగమని ఉంటుంది. గోత్రం స్థానంలోకి కోర్టు పేరు, వయసుల స్థానంలోకి సంవత్సరాలు వచ్చాయి. తర్వాత వచ్చిన ప్రతి దరఖాస్తూ ఈ అచ్చులోనే పోసినట్టుంటుంది.

పని గొప్పది అయినా కులం అడ్డు నిలిచిన చోట ఈ పరిచయమే గాయం. పద్యం విని భళీ అన్నవాడే ‘మీదే కులం?’ అని అడిగి, జవాబు వినగానే చివాలున లేచి వెళ్లిపోతే ఎలా ఉంటుందో జాషువా ఒక పద్యంలో చెప్పాడు. శ్రీనాథుడి సీసపద్యం పక్కన పెట్టి చదవవలసిన పద్యం అది. ఒకరికి కొలువులు తెరిచిన ప్రశ్నే ఇంకొకరి ముఖాన తలుపు మూసింది. పరిచయం చరిత్ర అని ఎవరైనా రాస్తే ఈ పద్యాన్ని వదిలేయడానికి లేదు.

ఇప్పుడు కల్యాణ మండపాల్లో కుల సంఘాలు పెట్టే వధూవరుల పరిచయ వేదికల్లో ఈ పాత కొత్త పద్ధతులన్నీ కలిసి కనిపిస్తాయి. చొక్కాకో, చీరకో నంబరు బిళ్ల పెట్టుకుని ఒక్కొక్కరు మైకు దగ్గరకు వస్తారు. కింద తల్లిదండ్రులు ఫొటోల పుస్తకంలో ఆ నంబరు దగ్గర వేలు పెట్టి వింటారు. పేరు, గోత్రం, నక్షత్రం, పాదం, ఎత్తు, చదువు, కంపెనీ, జీతం, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు, చివర హాబీలు. అమెరికా సంబంధం అయితే నక్షత్రానికీ జీతానికీ మధ్య వీసా సంగతి కూడా రావాలి. హాబీల దగ్గరకు వచ్చేసరికి చాలామంది పాటలు వినడం, క్రికెట్ చూడటం అని తేల్చేస్తారు. ఈ మధ్య వంట అని చెప్పే అబ్బాయిలు కూడా ఉంటున్నారు, కింద కూర్చున్న అమ్మాయిల తల్లులు ఆ మాట దగ్గర పెన్ను తీస్తారు.

ఒకప్పుడు ఇలాంటి చోట అమ్మాయి తరఫున మేనమామో, పెదనాన్నో మైకు పట్టుకునేవారు. ఇప్పుడు ఆమే పట్టుకుంటోంది. చాలామంది గోత్రానికి ముందే ఉద్యోగం చెబుతున్నారు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేది లేదని, అమ్మానాన్నల బాధ్యత తనదేనని అదే నిమిషంలో చెప్పి, మైకు పక్కవాళ్లకు అందించి దిగిపోతున్నారు.