ఫార్మాటుకు పట్టే కాలం

విడిభాగాలు కొని తెచ్చి ఇంట్లోనే కంప్యూటరును కూర్చుకున్నవారికి హార్డు డిస్కు ఫార్మాటు ఒక వ్రతం వంటిది. తెర మీద శాతాల అంకె ఒక్కొక్కటిగా కదులుతూ ఉంటుంది. ఎదురుచూడటం తప్ప చేయగలిగింది ఉండదు. ఇంత ఆలస్యమెందుకని విసుక్కోనివారు అరుదు. ఈ ఆలస్యానికి అర్ధశతాబ్దం మించిన చరిత్ర ఉంది. దాన్ని తెలుసుకున్నకొద్దీ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: డిస్కు పరీక్షకు పట్టే కాలాన్ని తగ్గించామని మనం సంతోషించిన సందర్భాల్లో చాలాచోట్ల తగ్గింది పరీక్షే.

తొలి హార్డు డిస్కును ఐబీఎం సంస్థ 1956లో రామాక్ యంత్రంతో పాటు ప్రకటించింది. ఇరవై నాలుగు అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50. వాటన్నిటిలో పట్టేవి 50 లక్షల అక్షరాలు. ఆ డిస్కు సెకనుకు 8,800 అక్షరాలను అందించేది. చదివే చేయి అటూ ఇటూ కదలడానికి పట్టే వ్యవధిని వదిలి లెక్కిస్తే, మొత్తం డిస్కును ఆ మూల నుంచి ఈ మూల దాకా చదవడానికి పది నిమిషాలు చాలు. బీరువా కన్నా పెద్దదైన ఆ యంత్రానికి పది నిమిషాలు. అరచేతిలో పట్టే నేటి డిస్కుకు ఒక రోజుకు పైగా. ఈ వింత ఎలా జరిగిందో చూద్దాం.

1980లో సీగేట్ సంస్థ ఎస్‌టీ-506 పేరుతో 5 మెగాబైట్ల డిస్కును తెచ్చింది. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల డిస్కు ఉండేది. ఆనాటి డిస్కు ఇంటికి వచ్చేసరికి బొత్తిగా సిద్ధంగా ఉండేది కాదు. పళ్ళెం మీద వలయాలలో సెక్టార్ల హద్దులను గీయించే పని, అంటే కింది స్థాయి ఫార్మాటు, కొన్నవాడిదే. డాస్‌లో డీబగ్ తెరిచి ‘జీ=సీ800:5’ అని కొట్టడం ఆ తరం వారికి కంఠస్థం. డిస్కు పైభాగాన ఒక చీటీ అంటించి ఉండేది. కర్మాగారంలో పరీక్షించినప్పుడు పాడని తేలిన చోట్ల పట్టిక అది. ఆ అంకెలను చూసి, ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించుకోవాలి. లోపం లేని డిస్కంటూ లేదని అమ్మేవాడు బహిరంగంగా ఒప్పుకున్న కాలమది.

1986 ప్రాంతంలో ఐడీఈ పద్ధతి రావడంతో నియంత్రించే పలక డిస్కులోనే చేరింది. ఆపై హద్దులు గీయడం క్రమంగా కర్మాగారపు పనే అయింది. చీటీ పోయింది, లోపాల పట్టిక డిస్కు లోపలికి వెళ్ళి దాక్కుంది. పాడైన సెక్టారు బదులు విడిగా ఉంచిన మంచి సెక్టారును వాడుకోవడం డిస్కు తనంతట తాను చేసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. సౌకర్యం గొప్పదే. కానీ డిస్కు ఆరోగ్యం గురించి కొన్నవాడికి తెలిసే మార్గం దాదాపు మూసుకుపోయింది.

మిగిలిన మార్గాల్లో ఒకటి పూర్తి ఫార్మాటు. విండోస్ ఎక్స్‌పీలో త్వరిత ఫార్మాటు దస్త్రాల పట్టికను మాత్రమే కొత్తగా రాసి ఊరుకునేది. పూర్తి ఫార్మాటు అదనంగా ప్రతి సెక్టారునూ చదివి చూసేది. ఆలస్యమంతా ఆ చదవడానికే. అయితే పాత సమాచారాన్ని తుడిచేది కాదు. తుడిచామనుకుని డిస్కును అమ్మినవారి ఉత్తరాలూ ఫోటోలూ అందులోనే ఉండిపోయేవి. 2007లో బజారుకు వచ్చిన విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాటు అన్ని సెక్టార్లలోనూ సున్నాలు రాయసాగింది.

మా ఎల్లారెడ్డి సంగతి కొంత చెప్పాలి. ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది గాని, 2016 అక్టోబరు వరకు నిజామాబాదు జిల్లాలోది. ఎక్స్‌పీ రోజుల్లో విడిభాగాలంటే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే గుర్తుకొచ్చేది. కామారెడ్డి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. మా యింటి యంత్రంలో 40 గిగాబైట్ల డిస్కు ఉండేది. సెకనుకు 40 మెగాబైట్లు చదివితే 1,000 సెకన్లలో, అంటే పదిహేడు నిమిషాల్లో, పరీక్ష ముగియాలి. మాకు రెండున్నర గంటలు దాటేది. ఈలోగా కరెంటు పోతే మళ్ళీ సున్నా శాతం నుంచి మొదలు.

కారణం చివరికి కేబులులో తేలింది. అటా-66 వేగానికీ ఆపై వేగాలకూ 80 తీగల కేబులు కావాలి. మా యంత్రాన్ని కూర్చినవారు నలిగిన పాత 40 తీగల కేబులు తగిలించారు. సమాచారం దారిలో చెడిపోతుంటే ఎక్స్‌పీ ఆ దోషాలను లెక్కపెట్టి, ఆరు మించాక వేగాన్ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ పీఐఓ పద్ధతికి దిగజారుస్తుంది. అప్పుడు ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. సెకనుకు 4 మెగాబైట్లే అందితే 40 గిగాబైట్లకు 10,000 సెకన్లు. కేబులు మార్చి, డ్రైవరును తొలగించి తిరిగి ఎక్కిస్తే వేగం కుదుటపడింది. గమనించవలసిందేమంటే, త్వరిత ఫార్మాటుతో సరిపెట్టుకుని ఉంటే ఈ జబ్బు బయటపడేదే కాదు.

ఇక నేటి డిస్కుల సంగతి. పళ్ళెం సామర్థ్యం రెండు విధాల పెరుగుతుంది: ఒకే వలయంలో బిట్లను దగ్గరగా చేర్చడం, వలయాలనే దగ్గరగా చేర్చడం. మొదటిది చదివే వేగాన్నీ పెంచుతుంది. రెండవది సామర్థ్యాన్ని మాత్రమే పెంచుతుంది. తిరిగే వేగమా, ఎస్‌టీ-506 నాటి నిమిషానికి 3,600 చుట్ల నుంచి 7,200కు చేరి దాదాపు అక్కడే నిలిచింది. అందువల్ల 20 టెరాబైట్ల డిస్కును సగటున సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున పరీక్షిస్తే 1,00,000 సెకన్లు, అంటే దాదాపు ఇరవై ఎనిమిది గంటలు పడుతుంది.

మా ప్రాంతపు నిజాంసాగరు 1931లో పూర్తయినప్పుడు దాని సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. పూడిక చేరి అది బాగా తగ్గింది. నీటిమట్టం పెంచిన తర్వాత కూడా ఇప్పుడు లెక్కకు వచ్చేది 17.8 టీఎంసీలే. తొలినాటి అంకెను నమ్ముకుని పంటకాలువకు నీళ్ళు పంచలేం. మళ్ళీ కొలిచి చూడాలి. డిస్కు మీద అచ్చువేసిన అంకె కూడా అటువంటిదే.

ఫార్మాటు చేసిన ప్రతిసారీ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల పెట్టె దగ్గర టిక్కు పెట్టి, సీడీ వేసి, గౌతమి అక్షరాలు సరిగా కనిపించాక ఊపిరి పీల్చుకున్న తరం మనది. మనలో చాలామంది రాతలకు ఇంట్లోని డిస్కూ ఏదో ఒక ఉచిత స్థలమూ తప్ప వేరే చోటు లేదు. ఉచిత స్థలాల సంగతి 2009లో జియోసిటీస్ మూతపడ్డప్పుడే చూశాం. కాబట్టి మిత్రులకు నా మనవి: కొత్త డిస్కు కొన్నా, పాతది చేతికి వచ్చినా, రాతలను అందులో పెట్టకముందే ఒక్కసారి పూర్తి ఫార్మాటు చేయండి. రోజంతా పట్టినా పట్టనివ్వండి. మధ్యలో ఒకచోట అంకె కదలక మొరాయిస్తే ఆ డిస్కుకు మీ రాతల ఏకైక ప్రతిని అప్పగించకండి. ఏ పరీక్షలో నెగ్గిన డిస్కయినా రేపటికి హామీ ఇవ్వదు గనుక, రెండో ప్రతి మరో డిస్కులో ఎలాగూ ఉండాలి.