మిజో శాంతి ఒప్పందం (1986): స్వపరిపాలన, సంఘ పరిచర్య - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

1986 జూన్ 30న ఢిల్లీలో భారత ప్రభుత్వానికి, మిజో నేషనల్ ఫ్రంట్‌కు మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇరవై ఏండ్లు సాగిన సాయుధ పోరాటం దానితో ముగిసింది. ఆ సంస్థ మళ్లీ అడవి దారి పట్టలేదు. స్వతంత్ర భారతదేశంలో ఇటువంటి ఒప్పందాలు అనేకం జరిగినా, ఇంత స్థిరంగా నిలిచినవి అరుదు.

తెలుగు సంఘాలలో మిజోరాం పేరు వినగానే ఉజ్జీవ కూడికలు, మిషనరీలను పంపే సంఘాలు గుర్తుకు వస్తాయి. ఆ సంఘాలు దాటి వచ్చిన కరవు, కర్ఫ్యూ, బలవంతపు తరలింపుల చరిత్ర మన తరగతి గదులలో అంతగా చర్చకు రాదు. ఈ వ్యాసంలో మేము రెండు ప్రశ్నలను పరిశీలిస్తున్నాము. ఆ ఒప్పందం ఎందుకు నిలిచింది? అది ఇచ్చిన స్వపరిపాలన ఎవరి వరకు చేరింది? మొదటి ప్రశ్నకు జవాబు సంఘానికి గౌరవం తెస్తుంది. రెండవ ప్రశ్న సంఘాన్ని పరీక్షకు నిలబెడుతుంది.

1. నిధులు లేని స్వపరిపాలన

1894 జనవరిలో లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు లుషాయి కొండలకు చేరి, మిజో భాషకు రోమను అక్షరాలతో లిపిని కూర్చారు. 1897లో వేల్సు దేశపు మిషనరీ డి. ఇ. జోన్స్ వచ్చారు. కాలక్రమంలో ఉత్తరాన ప్రెస్బిటేరియన్ సంఘం, దక్షిణాన బాప్టిస్టు సంఘం స్థిరపడ్డాయి. ఏ గ్రామానికి ఆ గ్రామపు దొరే పాలకుడుగా ఉన్న ఆ కొండలలో, గ్రామాలన్నిటినీ కలిపే వ్యవస్థగా సంఘం ఎదిగింది.

రాజ్యాంగంలోని ఆరవ షెడ్యూలు ప్రకారం 1952లో అక్కడ జిల్లా మండలి ఏర్పడింది. మన ఏజెన్సీ ప్రాంతాలు అయిదవ షెడ్యూలు కిందివి కాబట్టి ఈ రెండింటి భేదాన్ని గమనించాలి. అయిదవ షెడ్యూలులో గిరిజనుల రక్షణ ప్రధానంగా గవర్నరు అధికారం మీద ఆధారపడుతుంది. ఆరవ షెడ్యూలులో ఎన్నికైన మండలికే భూమి, ఆచారాలు, గ్రామ పరిపాలన వంటి విషయాలపై శాసనాలు చేసే అధికారం ఉంటుంది. అయితే మిజో జిల్లా మండలికి అధికారం ఉన్నా, ఖజానా మాత్రం అప్పటి అస్సాం రాజధాని షిల్లాంగులో ఉండిపోయింది.

ఆ లోపం కరవు కాలంలో బయటపడింది. దాదాపు అర్ధ శతాబ్దానికి ఒకసారి ఆ కొండల వెదురు పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి పంటల మీద పడతాయి. మిజోలు దీనిని మౌతాం అంటారు. ఇది రానున్నదని పెద్దలు ఎరిగి, ముందు జాగ్రత్తకు 15 లక్షల రూపాయలు కావాలని 1958లోనే మండలి అస్సాం ప్రభుత్వాన్ని కోరింది. ఆ మనవి తిరస్కరించబడింది. 1959లో కరవు వచ్చింది. అదే కాలంలో, 1960లో, అస్సామీ అధికార భాష అయ్యింది. కరవు బాధితులకు బియ్యం మోసిన సహాయ సంస్థ నుండే 1961 అక్టోబరులో లాల్‌డెంగా నాయకత్వాన మిజో నేషనల్ ఫ్రంట్ పుట్టింది.

2. ఇరవై ఏండ్ల చీకటి

1966 మార్చి 1న ఫ్రంట్ స్వాతంత్ర్యం ప్రకటించింది. మార్చి 5న భారత వైమానిక దళ విమానాలు ఐజ్వాల్ పట్టణంపై దాడి చేశాయి. 1967 నుండి గ్రామాలను ఖాళీ చేయించి, ఇండ్లను తగులబెట్టి, ప్రజలను సైనిక కాపలా గల కేంద్రాలకు తరలించారు. గ్రామీణ జనులలో అత్యధికులు ఈ విధంగా తమ పొలాలకు దూరమయ్యారు. పగలు సైన్యానికి, రాత్రి అడవిలోని వారికి జవాబు చెప్పవలసిన స్థితిలో సామాన్య కుటుంబం నలిగిపోయింది.

సంఘం పరిస్థితి మరింత క్లిష్టమైనది. ఆయుధం పట్టినవారిలో చాలామంది సంఘ సభ్యులే. శిబిరాలలోనూ ఆరాధనలు జరిగాయి. తిరుగుబాటు తమ విశ్వాసానికి సేవ అనే భావం కూడా వారిలో ఉండేది. అటువంటప్పుడు హింస మార్గం తగదని చెప్పడం కాపరులకు సులభం కాదు. అయినా ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు నాయకులు ఆ మాట చెప్పారు. వారిని ప్రభుత్వం అనుమానించింది, అడవి కూడా అనుమానించింది. ఇరుపక్షాలతో మాట్లాడగల స్థానాన్ని వారు మెల్లగా సంపాదించుకున్నారు. 1980వ దశకంలో వివిధ సంఘాల నాయకులు ఒకే సమితిగా ఏర్పడి, రాజకీయ పార్టీలను కూడా శాంతి చర్చల పక్షాన నిలబెట్టే ప్రయత్నం చేశారు.

చర్చలు ఒక్కసారిగా ఫలించలేదు. 1972లో మిజోరాం కేంద్రపాలిత ప్రాంతమైంది. 1976 జూలైలో ఒక అవగాహన కుదిరి విఫలమైంది. ఆ తర్వాత పదేండ్లు పట్టింది. సమాధాన పరిచర్య దీర్ఘశాంతము కోరుతుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

3. ఒప్పందం నిలవడానికి కారణాలు

మొదటి కారణం, సంతకం చేసిన వారికి తమ పక్షాన మాట్లాడే అధికారం ఉండటం. 1975 నవంబరులో నాగా ప్రతినిధులు కొందరు షిల్లాంగు ఒప్పందం చేసుకున్నారు. ఉద్యమంలో గణనీయమైన భాగం దానిని అంగీకరించలేదు. చీలిక వచ్చి, 1980లో కొత్త సాయుధ సంస్థ పుట్టింది. మిజో ఒప్పందంపై లాల్‌డెంగాయే సంతకం చేశారు. ఆయన మాటను శిబిరాలు గౌరవించాయి.

రెండవ కారణం, ఇచ్చిన అధికారం స్పష్టంగా ఉండటం. 53వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-జి అధికరణం చేరింది. మిజోల మత, సామాజిక ఆచారాలు, వారి సంప్రదాయ న్యాయం, ఆ న్యాయం ప్రకారం జరిగే తీర్పులు, భూమి యాజమాన్యం, బదిలీ - ఈ విషయాలలో పార్లమెంటు చేసే చట్టం మిజోరాం శాసనసభ తీర్మానించితే తప్ప అక్కడ వర్తించదు. 1987 ఫిబ్రవరి 20న మిజోరాం రాష్ట్రమైంది. దానికి బదులుగా ఫ్రంట్ స్వతంత్ర దేశం అనే కోరికను విడిచి, ఆయుధాలు అప్పగించింది. పొరుగు రాష్ట్రాలలోని మిజో ప్రాంతాలను కలపాలన్న కోరిక నెరవేరలేదు.

మూడవ కారణం, ఒకరు తన పీఠం విడిచిపెట్టడం. 1984 ఎన్నికలలో గెలిచి ముఖ్యమంత్రిగా ఉన్న కాంగ్రెసు నాయకుడు లాల్ థన్హావ్లా 1986 ఆగస్టులో తప్పుకొని, లాల్‌డెంగాకు ఆ స్థానం ఇచ్చి, తాను ఉప ముఖ్యమంత్రి అయ్యారు. 1987 ఎన్నికలలో 40 స్థానాలకు 24 ఫ్రంట్ గెలిచింది. ఆ ప్రభుత్వం 1988లో పడిపోయింది. 1989లో ఫ్రంట్ ఓడింది. ఓడినవారు తుపాకి వెతుక్కోలేదు, ప్రతిపక్షంలో కూర్చున్నారు. పూర్వం అడవిలో ఉన్న జోరంథంగా 1998లో, మళ్లీ 2018లో ఎన్నికల ద్వారానే ముఖ్యమంత్రి అయ్యారు. శాంతికి అసలైన పరీక్ష ఆ ఓటమిలో జరిగిందని మేము తలస్తున్నాము.

4. చిన్నవారి ప్రశ్న

అయితే చరిత్ర ఇక్కడ ఆగదు. మిజోరాంలో లాయి, మారా, చక్మా ప్రజలకు 1972 నుండి వేరు వేరు స్వయంప్రతిపత్తి మండళ్లు ఉన్నాయి. ఒప్పందం అల్పసంఖ్యాకుల హక్కులను కాపాడతానన్నది. కాని ఉత్తరాన ఉన్న హమార్ ప్రజలు తమకు కూడా మండలి కావాలని ఆందోళన చేశారు. ఆ కోరిక సాయుధ పోరాటంగా మారి, 1994లో మరొక ఒప్పందం అవసరమైంది. అదీ చాలక 2018లో ఇంకొకటి జరిగింది. బ్రూ ప్రజలు 1997లో స్వయంప్రతిపత్తి మండలి కోరారు. ఆ సంవత్సరమే చెలరేగిన ఉద్రిక్తతలలో వేలాది బ్రూ కుటుంబాలు త్రిపుర శిబిరాలకు పారిపోయాయి. 2020 జనవరిలో వారిని త్రిపురలోనే స్థిరపరచాలని ఒప్పందం కుదిరేవరకు ఇరవై రెండేండ్లు అనేకులు శిబిరాలలో గడిపారు.

షిల్లాంగులో తమ మొర వినబడలేదని బాధపడిన ప్రజల రాజధానిలో ఇప్పుడు ఇతరుల మొర వినబడవలసి వచ్చింది. 2011 జనగణన ప్రకారం మిజోరాంలో క్రైస్తవులు 87 శాతం. కాబట్టి ఈ ప్రశ్న ప్రభుత్వానికి మాత్రమే కాదు, సంఘానికి కూడా చెందినది. పెద్ద సమూహపు గాయాన్ని కట్టిన చెయ్యి, తన నీడలో ఉన్న చిన్న సమూహపు గాయాన్ని కూడా కట్టిందా?

మరొక కొరత కూడా ఉన్నది. 1966 నుండి మరణించిన వారి కుటుంబాలకు ధనసహాయాన్ని, నష్టపోయిన పంటలకు, ఇండ్లకు పరిహారాన్ని ఒప్పందం ప్రస్తావించింది. కాని బాంబు దాడి గురించి, గ్రామాల దహనం గురించి బాధితులు బహిరంగంగా చెప్పుకొని, బాధ్యులు విని ఒప్పుకొనే ఏర్పాటు అందులో లేదు. ధనం నష్టాన్ని కొంత తీర్చగలదు గాని సత్యానికి బదులు కాలేదు.

ముగింపు

తెలుగు పాఠకులకు ఈ చరిత్ర పరాయిది కాదు. 1969, 1972 ఆందోళనల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా రాజ్యాంగంలో చేరిన 371-డి అధికరణం, మిజోరాం 371-జి ఒకే వరుసలోనివి. ప్రాంతీయ ఆందోళనకు రాజ్యాంగంలోనే చోటు కల్పించిన రెండు ప్రయత్నాలివి. మొదటిది ఉద్యోగాల, విద్యావకాశాల పంపకాన్ని ప్రధానంగా చూసింది. రెండవది భూమిని, ఆచారాన్ని అక్కడి ప్రజల చేతికి ఇచ్చింది.

వాక్యోపదేశకులుగా మనం నాబోతు ద్రాక్షతోట కథను తరచుగా రాజు దురాశ గురించి బోధిస్తాము. ఆ కథలో పితరుల స్వాస్థ్యమును అమ్మనని చెప్పే హక్కు ఒక సామాన్యునికి ఉన్నదన్న సంగతి కూడా ఉన్నది. మిజోరాం ఒప్పందం ఒక ప్రజకు ఆ హక్కును తిరిగి ఇచ్చింది. ఆ ప్రజ అదే హక్కును తన పొరుగువానికి ఒప్పుకొన్నంత మేరకే ఆ శాంతి సంపూర్ణమవుతుంది. మన ఏజెన్సీ గ్రామాలలో, మన ఊరి వాడలలో, మన సంఘ కమిటీలలో కూడా కొలత ఇదే. మనకు న్యాయం జరిగిన రోజున మన తర్వాత నిలుచున్నవారు ఎవరో తిరిగి చూడటం కాపరికి తగిన పని.