దారి చెప్పినవాళ్లు

మా పెద్దనాన్న కొడుకు ఇంజనీరింగ్ అయిపోయి అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటున్నాడు. మొన్న దసరాకు కరీంనగర్ నుంచి భివండీకి మా ఇంటికి వచ్చిండు. ఉన్న నాలుగు రోజులూ ఫోన్‌లోనే తల పెట్టిండు. పై చదువులకు వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపులు పదకొండు ఉన్నాయి అందులో. ఒక్కోదాంట్లో వందల మంది. "ఇంతమందిలో నీకు తెలిసినోళ్లు ఎందరన్నా?" అని అడిగాను. కాసేపు లెక్కపెట్టుకుని "ఇద్దరు" అన్నాడు.

ఆ మాట నాకు పట్టుకుంది. ఫోన్ లేని రోజుల్లో సముద్రం దాటి చదువుకోవాలనుకున్నవాళ్లు ఎవరిని అడిగి ఉంటారు? చరిత్ర సారు వ్యాసం రాయమన్నప్పుడు ఇదే వెతుకుదామనుకున్నాను.

మొదటి మనిషి మా పక్క ఊళ్లోనే దొరికింది. భివండీలో బస్సెక్కితే కల్యాణ్ ఎంతో దూరం లేదు. ఆనందీబాయి జోషీ ఆ కల్యాణ్‌కు చెందిన ఆమె. డాక్టరు చదువుకోవాలని ఆమె కోరిక. 1880లో ఆమె భర్త గోపాలరావు అమెరికాలోని రాయల్ వైల్డర్ అనే మిషనరీకి సాయం అడుగుతూ ఉత్తరం రాశాడు. ఆయన సాయం చేయలేదు. మతం మారితే చూద్దామన్నట్టు జవాబు రాసి, ఆ ఉత్తరాలను తన పత్రికలో అచ్చు వేశాడు. న్యూజెర్సీలో రోజెల్ అనే ఊరుంది. అక్కడుండే కార్పెంటర్ అనే ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని ఆ పత్రిక తిరగేసింది. చదివి ఊరుకోలేదు, ఆనందీబాయికి ఉత్తరం రాసింది.

తర్వాత రెండు మూడేళ్లు ఇద్దరికీ ఉత్తరాలు నడిచాయి. ఒక్కో ఉత్తరం ఓడలో వెళ్లి రావడానికి వారాలు పట్టేది. 1883లో ఆనందీబాయి కలకత్తాలో ఓడ ఎక్కి న్యూయార్క్‌లో దిగింది. కార్పెంటర్ ఆవిడే రేవుకు వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల వైద్య కళాశాలలో చదివి 1886లో ఆనందీబాయి డాక్టరు అయింది. తిరిగి వచ్చాక క్షయ జబ్బుతో 1887 ఫిబ్రవరిలో చనిపోయింది. అప్పటికి 22 ఏళ్లు కూడా నిండలేదు. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఈ కథ అన్నకు చెబితే వెంటనే పట్టుకున్నాడు. "చూసినవా, ఆమె గూడ ముక్కూ మొహం తెల్వనోళ్లనే నమ్మింది గదా!" నిజమే, నా దగ్గర వెంటనే జవాబు లేదు. తర్వాత ఆలోచిస్తే తోచింది. మూడేళ్లు ఉత్తరాలు రాసుకున్నాక ఇంకా తెలియనివాళ్లు ఎట్లా అవుతారు? పైగా ఆనందీబాయిని పిలిపిస్తే కార్పెంటర్ ఆవిడకు ఖర్చే తప్ప పైసా రాదు.

గాంధీగారు 1888లో బొంబాయి నుంచి లండన్ పోయినప్పుడు జేబులో నాలుగు పరిచయ ఉత్తరాలు పెట్టుకుని పోయారు. అందులో ఒకటి దాదాభాయి నౌరోజీకి. లండన్‌లో ఎట్లా ఉండాలి అన్నది డాక్టర్ ప్రాణజీవన్ మెహతా నేర్పించాడు. కొన్నేళ్లకు గాంధీగారే లండన్‌కు వచ్చే విద్యార్థుల కోసం ఒక గైడు రాశారు. గదికి ఎంత, తిండికి ఎంత, ఏ బట్టలు తెచ్చుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. అప్పట్లో అది అచ్చు కాలేదు. ఇవాళ యూట్యూబ్‌లో మన తెలుగు అన్నలు "నా నెల ఖర్చు" అని పెట్టే వీడియోలకు అది తాత అనిపించింది నాకు.

కానీ నౌరోజీకి ఉత్తరం రాసిచ్చేవాళ్లు అందరికీ ఉంటారా? మా బాపు మరమగ్గాల మీద పనిచేస్తాడు. పెద్దనాన్నా అంతే. మా వంశంలో విమానం ఎక్కినవాళ్లే లేరు. మాలాంటివాళ్లకు చాలాకాలం ఏ దారీ లేదు. తర్వాత పోస్టులో తెప్పించుకునే ప్రాస్పెక్టస్‌లు, ఊళ్లలో కన్సల్టెన్సీలు వచ్చాయి. 2004లో ఆర్కుట్, ఫేస్‌బుక్ రెండూ పుట్టాయి. ఫేస్‌బుక్ మొదట హార్వర్డ్ విద్యార్థుల కోసమే. 2006లో 13 ఏళ్లు దాటిన అందరికీ తెరిచారు. 2009లో వాట్సాప్ వచ్చింది. దాంతో మగ్గం కార్మికుడి కొడుకు కూడా అర్ధరాత్రి టెక్సాస్‌లో చదివే సీనియర్‌ని "అన్నా, నాకు నాలుగు బ్యాక్‌లాగ్‌లు, సీటొస్తదా?" అని అడగగలిగాడు. ఇది చిన్న సంగతి కాదు. 2023-24లో అమెరికాలో చదివే మన దేశ విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడు చైనాను దాటి మనవాళ్లే మొదటి స్థానానికి వచ్చారు. ఇంతమందికి నౌరోజీలు ఎక్కడ దొరుకుతారు?

ఇక ఇదే చరిత్రలో రెండో వైపు.

కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి ఉండేది. 2011 జనవరిలో అధికారులు దాని మీద దాడి చేశారు. 1,500 మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన దేశంవాళ్లే, అందులో చాలామంది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లు. కొత్తవాళ్లను చేర్పించిన విద్యార్థికి వాళ్ల ఫీజులో 20 శాతం ఇచ్చేవాళ్లట. అంటే "మంచి కాలేజీ, వచ్చేయ్ తమ్ముడూ" అన్న సీనియర్‌కు ఆ మాటకు డబ్బు ముడుతుంది. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో కడియాలు తగిలించారు. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. దాన్ని నడిపిన సుసాన్ సూకు 2014లో 16 ఏళ్ల జైలు శిక్ష పడింది.

2019 జనవరిలో బయటపడింది ఇంకా వింత. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీకి వెబ్‌సైట్ ఉంది, ఫేస్‌బుక్ పేజీ ఉంది, లాటిన్‌లో నినాదం ఉంది. పాఠం చెప్పేవాళ్లే లేరు. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే దాన్ని పెట్టారు. ప్రభుత్వం ఆమోదించిన విద్యాసంస్థల జాబితాలో కూడా ఆ పేరు ఉంది! సుమారు 600 మంది చేరారు. విద్యార్థులను చేర్పించినందుకు కేసు పడిన ఎనిమిది మంది పేర్లు చదివాను. అన్నీ తెలుగు పేర్లే. తరగతులు లేవని విద్యార్థులకు తెలుసని ప్రభుత్వం అంది. కొందరికి తెలిసే ఉండొచ్చు, అందరికీ తెలుసంటే నేను నమ్మలేకపోతున్నాను. పేజీ ఉంది, జాబితాలో పేరుంది, చెప్పినవాడు మన భాషవాడు. ఇంకేం చూస్తారు?

ఇదంతా నోటుబుక్‌లో రాసుకుని అన్నకు చూపించాను. మొదట నవ్విండు. ఫార్మింగ్టన్ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపి, తన కాగితం తీసిండు. దాని మీద ఆరు యూనివర్సిటీల పేర్లు ఉన్నాయి. ఒక్కోదాని పక్కన అది ఎవరు చెప్పారో రాయమన్నాను. నాలుగింటికి రాసిండు. ఐదోదానికి ఆ తెలిసిన ఇద్దరిలో ఒకరికి అప్పటికప్పుడే ఫోన్ చేసిండు. "నేను గూడ గ్రూపులనే చూసిన్రా, నాకేం తెల్వది" అన్నాడు అవతలి మనిషి.

ఆరోది చెప్పిన అతను పేరు పెట్టుకోలేదు, ఒక సింహం బొమ్మ పెట్టుకున్నాడు. చేరేటప్పుడు తన కోడ్ వెయ్యమని అడిగాడట. "కోడ్ వేస్తే అతనికి ఏమొస్తుంది అన్నా?" అని అడిగాను. అన్న ఏమీ అనలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేసిండు.