మన సంతలో ఎండు నెత్తళ్లు

సముద్రం ఎరగని మన విశాఖ ఏజెన్సీ అవ్వలు సముద్రపు చేప ఎలా తిన్నారు? సంత వల్లే. మైదానం వర్తకులు ఉప్పు, ఎండు చేపలు కొండెక్కించేవారు. మనవాళ్లు బదులుగా చింతపండు, అడ్డాకులు ఇచ్చేవారు. కొలత వాళ్లదే, ధరా వాళ్లదే. ఈ దోపిడీని ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు.

ఐసు లేని రోజుల్లో కొండదాకా చెడకుండా వచ్చేది ఎండిన చేపే. ఎండితే పోయేది నీరు, మాంసకృత్తులు మిగులుతాయి. నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. తక్కువ డబ్బుకి ఇప్పటికీ మంచి తిండే.

అవ్వలు విరిచి చూసి కొనేవారు. ఠక్కున విరగాలి. మెత్తబడినా, బూజు పట్టినా వద్దు. వేడినీళ్లలో నానబెట్టి కడిగితే ఉప్పు తగ్గుతుంది.

హాస్టల్లో ఆ వాసనకి సిగ్గుపడి మేం పొట్లాలు దాచుకున్నాం. ఇక దాచం. ఆ చేప కోసం మన అవ్వలు చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని కొండలు దిగారు.

జై ఆదివాసీ!