కొట్టివేతలలో పుట్టిన చిత్రకళ

ఖరగ్‌పూరులోని ఆంధ్ర కుటుంబములకు హిజ్లీ పేరు సుపరిచితము. 1951లో సాంకేతిక విద్యాసంస్థకు తొలి నెలవైన అచటి భవనము అంతకుముందు రాజకీయ ఖైదీల నిర్బంధ శిబిరము. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి అందు పోలీసులు జరిపిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇరువురు నిరాయుధ యువకులు అసువులు బాసిరి. పది దినముల పిమ్మట కలకత్తా మైదానమున జరిగిన నిరసన సభలో డెబ్బదేండ్ల రవీంద్రనాథ ఠాకూరు గొంతెత్తి పలికెను. ఆ డిసెంబరులోనే కలకత్తా టౌన్‌హాలులో ఆయన చిత్రములు స్వజనుల యెదుటికి వచ్చెను. మైదానమున పలికిన కవిని అందరెరుగుదురు. గోడలపై కనబడిన చిత్రకారుని ఎరిగినవారు బహు కొద్దిమంది.

రవీంద్రుడు ఏ చిత్రకళాశాలలోను చదువలేదు. అవనీంద్రనాథుడు, గగనేంద్రనాథుడు వంటి చిత్రకారులు ఆ ఇంటివారే యైనను ఆయన వారి శిష్యుడు కాలేదు. 1900లో జగదీశచంద్ర బోసునకు వ్రాసిన లేఖలో, తాను బొమ్మలు గీయుచున్నాననియు, పెన్సిలు కంటె రబ్బరుతోనే ఎక్కువ పని పడుచున్నదనియు పరిహాసమాడెను. ఆ పరిహాసమే తుదకు నిజమయ్యెను.

1924లో దక్షిణ అమెరికా యాత్రలో అస్వస్థుడై, అర్జెంటీనాలో విక్టోరియా ఒకాంపో అను రచయిత్రి ఆతిథ్యమున విశ్రమించుచు 'పూరబి' గీతములు వ్రాయుచుండెను. నచ్చని పదమును కొట్టివేయుట ప్రతి కవికిని అలవాటే. ఈయన మాత్రము కొట్టివేతలను అనాథలుగా విడువలేదు. ఒకదానినొకటి గీతలతో కలిపి, ఒకచో పక్షిముక్కుగను, ఒకచో పేరు లేని మృగముగను మలచెను. ఆ వ్రాతప్రతి ఒకాంపోను మిక్కిలి ఆకర్షించెను. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఆయన తొలి ప్రదర్శనమును స్వల్పకాలమున ఏర్పాటు చేసినది ఆమెయే. అందు 125 చిత్రములుండెను. ఆ యేడే బర్మింగ్‌హామ్, బెర్లిన్, మాస్కో, న్యూయార్కు నగరములు వానిని చూచినవి.

ఆయన పనితీరు విచిత్రము. ఫౌంటెను పేనా సిరా, రంగు సిరాలు, గుడ్డపేలికలు, చేతివ్రేళ్లు, ఒక్కొక్కప్పుడు పూలరేకులు సైతము సాధనములే. ఎరుపు తన కంటికి సరిగా ఆనదని ఆయనయే చెప్పుకొనెను. చిత్రములకు పేర్లు పెట్టుటకు సాధారణముగా ఇష్టపడెడివాడు కాడు. మాటలతో లోకమును గెలిచినవాడు ఇచట మాటకు సెలవిచ్చెను! పొడవైన మొగము, పెద్ద కన్నులు, పెదవి విప్పని స్త్రీమూర్తులు మనలను చూచుచుందురు. వారి కథ ఎవరును చెప్పరు.

నాటి వంగదేశపు చిత్రకళ పురాణగాథలను లేతరంగులలో ముంచి స్వదేశాభిమానమును పోషించుచుండెను. రవీంద్రుని చిత్రములలో కథయు లేదు, లాలిత్యమును లేదు. పలువురు తికమకపడుటలో ఆశ్చర్యము లేదు. నోబెల్ బహుమానము పొందిన కవి అరువదేండ్లు దాటిన పిదప, అక్షరాభ్యాసము చేయు బాలునివలె నిలిచి, సంపాదించిన కీర్తినంతటిని పణముగా నొడ్డెను. ఆ సాహసము ఆయన కవితలలో సయితము అరుదనిన తప్పు కాదేమో.

బెర్లిన్ జాతీయ చిత్రశాలకు ఆయన ఐదు చిత్రముల నొసగెను. 1937లో నాజీలు ఆధునిక కళను భ్రష్టకళయని ముద్రవేసి తొలగించినప్పుడు అవియు గోడలనుండి దిగెను. ఒక విధముగా అది యోగ్యతాపత్రమే!

1940లో 'చిత్రలిపి' యను చిత్రసంపుటము వెలువడెను. 1941 ఆగస్టు 7న రవీంద్రుడు కన్నుమూసెను. ఆయన స్థాపించిన శాంతినికేతన కళాభవనములో నందలాల్ బోసు వద్ద విద్య గడించిన మన చిత్తూరు జిల్లావాడు కృష్ణారెడ్డి, పారిస్ చేరి ముద్రణచిత్రకళలో లోకప్రఖ్యాతుడయ్యెను. రవీంద్రుడు వేసిన రెండు వేలకు పైబడిన చిత్రములలో అధికభాగము శాంతినికేతనమున రవీంద్రభవనములో భద్రముగా నున్నవి. వానిని దేశము దాటించుటకు చట్టము ఒప్పదు. ఖరగ్‌పూరు వారికి దూరమేమియు కాదు. హౌరాలో బండి మారి బోల్పూరున దిగవలెను.